పది క్యాన్ల కమాన్

పోయిన వారం మా తమ్ముడు సత్యం ఫోన్ చేశాడు. "అక్కా, బాపు బండికి కమాన్లు చేయిస్తున్న, ఫలక్‌నుమాల. ఒక్కదానివి ఇంట్ల కూసోని ఏం రాస్తవ్, నువ్వు గూడ రా" అన్నాడు. కార్ఖానాకు పిలుస్తూ కూడా షికారుకు పిలిచినట్టు పిలవడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. బండి అంటే మా నాన్న నడిపిన అంబాసిడర్; నాన్నను మేం బాపు అంటాం. సత్యం, ఉద్యోగం చేసినన్నాళ్లూ దాన్ని రేకుల షెడ్డు కింద గుడ్డ కప్పి ఉంచినవాడు, రిటైరైన మర్నాటి నుంచి కొత్త అల్లుడికి చేసినట్టు దానికి సేవలు చేస్తున్నాడు. వెనక ఇరుసుకు అటూ ఇటూ విల్లులా వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయి కదా, వాటినే మా దగ్గర కమాన్లంటారు. బండి బరువంతా వాటి మీదే. మోసి మోసి ఆ పట్టీల వంపు పోయి, బండి వెనక భాగం నేలకు కుంగిపోయింది. దూరం నుంచి చూస్తే బురదలో కూలబడిన బర్రెలా ఉందని నేనంటే వాడికి కోపం వచ్చింది.

కార్ఖానా చూడగానే చిన్నతనం గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. అదే కొలిమి, అదే సమ్మెట చప్పుడు, ఎర్రగా కాలిన పట్టీని నూనె తొట్టిలో ముంచినప్పుడు గుప్పున లేచే అదే మాడు వాసన. మేస్త్రీ నడివయసు మనిషి. బండి కిందికి వంగి చూసి, లేచి చేతులు తుడుచుకుంటూ, "సాబ్, ఇస్మే వజన్ కిత్తా డాల్తే?" అని అడిగాడు. ఇందులో ఎంత బరువు వేస్తారని. పట్టీలు ఎన్ని వేయాలో, వంపు ఎంత పెట్టాలో ఆ జవాబును బట్టే ఉంటుంది కాబట్టి కమాన్ల మేస్త్రీలు ఎవరైనా మొదట అడిగేది అదే. సత్యం నా వైపు చూశాడు, నేను సత్యం వైపు చూశాను. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆయన మొహం ముడుచుకుని, "వజన్ పూఛా మేడమ్, లతీఫా నై సునాయా" అన్నాడు. బరువడిగాను గాని జోకు చెప్పలేదు కదా అని. పాపం, ఆయన తప్పేం లేదు. ఆ ప్రశ్నకు మా బాపు చెప్పిన ఒక్క జవాబు వల్ల మా ఇంటిల్లిపాదీ ఎన్ని అవస్థలు పడ్డామో ఆయనకెలా తెలుస్తుంది!

అప్పట్లో మా ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ దాటాక, ఊరు అయిపోతుందనిపించే చోట ఉండేది. ఇల్లంటే ముందు రెండు గదులు మావి, వెనక పెద్ద కొట్టం బర్రెలది. వాన కురిస్తే మా గదులు కారేవి గాని కొట్టం కారేది కాదు. ఇదేం న్యాయమని అమ్మ ఎప్పుడైనా అడిగితే, "పాలిచ్చేది ఎవరే, నువ్వా అవా?" అనేవాడు బాపు. ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆయనే. తవుడు నానిన వాసన, పచ్చిగడ్డి వాసన, పొయ్యి మీద కాగుతున్న నీళ్ల పొగ, వీటన్నిటి మధ్య నుంచి బొక్కెనలో పాలధార పడుతున్న చప్పుడు వినిపిస్తుంటే నేను ఇంకో నిద్ర పోయేదాన్ని. అమ్మ ఇత్తడి క్యాన్లను బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగి, బోర్లించి, మూత తీసి వాసన చూసి గాని బాపు చేతికి ఇచ్చేది కాదు. బాపు పాలలో నీళ్లు కలిపేవాడు కాదు. ఇది కూతురిగా చెప్తున్న మాట కాదు. ఆయనకు అంత ఓపికే లేదు. తెల్లారేసరికి లాడ్ బజార్ వెనక గల్లీల్లో గాజుల పనివాళ్ల ఇళ్లకు పాలు చేర్చాలి. అక్కడి నుంచి పురానాపూల్ దగ్గర ఒక చాయ్ హోటల్‌కు పోయాలి. ఎండెక్కక ముందే ఇంటికి తిరిగి రావాలి.

ఆ ఇంట్లో పాల గురించి ఒక కట్టుబాటు ఉండేది. అది మా నాయనమ్మది. ఎన్ని పాలైనాయో నోటితో బయట అనకూడదు. అంటే దిష్టి తగిలి బర్రెలు పాలు ఎగ్గొడతాయి. ఎవరైనా ఆరా తీస్తే, "ఏదో, పిల్లలు తాగంగ మిగిలినయి అంతో ఇంతో పోస్తున్నం" అనాలి. నిండుగా నాలుగు క్యాన్లు బండెక్కుతుంటే పక్కింటివాళ్ల ముందు ఆమె ఆ మాటే చెప్పేది. వాళ్లూ పాలవాళ్లే కాబట్టి తలూపి, తమ పిల్లలు తాగగా మిగిలిన కథ తాము చెప్పేవాళ్లు. నాయనమ్మ నిండైన మనిషి. బాపు ఆ బండిని ఒక వకీలు సాబు దగ్గర కొన్నప్పుడు, క్యాన్ల కోసం వెనక సీటు ఊడదీసి వసారాలో పడేశాడు. ఆ రోజు నుంచి ఆ సీటు నాయనమ్మకు సింహాసనమైంది. దాని మీద కూర్చునే ఆమె బర్రెల మీద, కోడలి మీద, కొడుకు మీద అధికారం చేసేది. బాపు ఆమెను "అవ్వా" అనేవాడు. ఆ ఒక్క మాటలోనే భయం, విసుగు, ప్రేమ అన్నీ వినిపించేవి.

క్యాన్లు మోసి మోసి ఒక ఏడు బండి కమాన్లు పూర్తిగా చతికిలబడ్డాయి. చిన్న గుంతలో దిగినా వెనక చక్రం మడ్‌గార్డుకు రాసుకుని మాడు వాసన వచ్చేది. బాపు బండిని కమాన్లు కట్టే గౌస్ ఉస్తాద్ దగ్గరికి తోలుకుపోయాడు. నన్నూ వెంట తీసుకుపోయాడు. చేతిలో చిటికెడు పని ఉంటే పిడికెడు గొప్ప చెప్పుకునే మనిషి ఈ ఉస్తాద్. తన కమాన్ మీద ఏనుగు కూర్చున్నా సలాం చేసి లేస్తుందనేవాడు. ఆయన దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. బండిలో ఎంత బరువు వేస్తావో యజమాని పదిమంది ముందు నిలబడి గట్టిగా చెప్పాలి. తర్వాత కమాన్ విరిగినా, కుంగినా, ఎగిరినా "నువ్వే చెప్పినవు, వీళ్లందరు ఇన్నరు" అనడానికి. అలా చెప్పించుకున్నాకే కొలిమిలో బొగ్గు వేసేవాడు.

మేము పోయేసరికి అక్కడ పోచయ్య ఉన్నాడు. ఆయనా పాలవాడే. పురానాపూల్ అవతల ఆయన కొట్టం. పాల కోసం పాత జీపు ఒకటి పెట్టుకున్నాడు. బాపుకూ ఆయనకూ పెద్ద పగేమీ లేదు గాని, ఒకరి బర్రె ఈనిందంటే ఇంకొకరికి అన్నం సహించేది కాదు. ఉస్తాద్ పోచయ్యను నిలబెట్టి, "బోల్ భాయ్, వజన్ కిత్తా?" అన్నాడు. పోచయ్య మా వైపు ఓరగా చూసి, గొంతు సవరించుకుని, "ఎనిమిది క్యాన్లు" అన్నాడు. అక్కడున్నవాళ్లు "అబ్బో" అన్నారు. తర్వాత వంతు బాపుది. నాలుగు క్యాన్ల మనిషి. నాయనమ్మ చెప్పి పంపిన మాట ప్రకారమైతే పిల్లలు తాగగా మిగిలినవి. ఆయన ఛాతీ నిండా గాలి పీల్చుకోవడం నేను పక్కనే నిలబడి చూశాను. "పది" అన్నాడు.

ఉస్తాద్ పది క్యాన్లకు సరిపడా కమాన్ కట్టాడు. పాత పట్టీలు కాల్చి వంపు తెచ్చి, వాటి కింద లారీవి లావుపాటి పట్టీలు కోసి వేశాడు. బండి ఇంటికి వచ్చినప్పుడు మేమంతా బయటికి పరుగెత్తుకొచ్చి చూశాం. వెనక భాగం ఇంతెత్తు లేచి, ముందు భాగం నేలకు వంగి, బండి ఎవరికో దండం పెడుతున్నట్టుంది. "ఏందిరా, గిట్లున్నది?" అంది నాయనమ్మ. "కొత్త గద, క్యాన్లు ఎక్కితె కిందికొస్తది" అన్నాడు బాపు. నాలుగు క్యాన్లు ఎక్కాయి. అది అంగుళం కూడా దిగలేదు. దాని దృష్టిలో నాలుగు క్యాన్లంటే ఖాళీ బండే.

మర్నాటి నుంచి మొదలైంది కథ. ఫలక్‌నుమా నుంచి లాడ్ బజార్ దాకా రాయి మీద రాయి, గుంత పక్కన గుంత. మెత్తటి పాత కమాన్ల మీద నిద్రపోతూ పోయిన పాలు, ఈ గట్టి కమాన్ల మీద దారి పొడుగునా ఎగిరెగిరి పడ్డాయి. కవ్వం పెట్టి చిలికినా అంత బాగా చిలకలేం. జుబేదా ఖాలా ఇంటి ముందు బాపు క్యాను మూత తీసేసరికి మూతకు వెన్న అంటుకుని ఉంది. గిన్నెలో పోస్తుంటే శనగగింజలంత వెన్న ముద్దలు టపటపా పడ్డాయి. కింద పాలు పలచగా, నీలంగా ఉన్నాయి. ఈ జుబేదా ఖాలా ఆ గల్లీకి పెద్దదిక్కు. లక్క గాజులు చేసే ఇంట్లో పెద్ద కోడలు. పాల చుక్కను గోటి మీద వేసుకుని, అది జారే తీరు చూసి, మంచిదో చెడ్డదో చెప్పేది. ఆ రోజు చుక్క గోటి మీద నిలవనే లేదు. ఆమె బాపును పైనుంచి కిందిదాకా చూసి, "క్యా రాజయ్య భాయ్, మక్ఖన్ నికాల్కే హమ్కు ఛాఛ్ పిలారై?" అంది. వెన్న తీసుకుని మాకు మజ్జిగ తాగిస్తున్నావా అని. గల్లీలో ఇటు చివరి నుంచి అటు చివరి దాకా తలుపులన్నీ తెరుచుకున్నాయి.

బాపు ఒట్టేసుకున్నాడు. కాని ఒట్టు వేస్తున్న మనిషి చొక్కా నిండా నెయ్యి వాసన. ఎందుకంటే క్యాన్ల మూతలకు, మెడలకు అంటుకుని ఇంటికి వస్తున్న వెన్నను నాయనమ్మ గీకి తీసి, రోజూ సాయంత్రం కరగబెట్టేది. బాపు మొత్తుకున్నాడు. "అవ్వా, నెయ్యి కాచుడు బందు పెట్టే. బట్టలకు వాసనొస్తుంది. నన్ను దొంగ అంటున్నరు" అని. "అయితే లచ్చిమిని తీస్కపోయి మోర్ల పారబొయ్యాల్నా?" అంది ఆమె. మేము మాత్రం జీవితంలో అంత నెయ్యి ఎన్నడూ తినలేదు. సత్యం గాడు అన్నంలో నెయ్యి కాదు, నెయ్యిలో అన్నం కలుపుకునేవాడు. ఇంట్లో మా బుగ్గలు నిండుతున్న కొద్దీ బయట బాపు పరువు తరిగిపోతోంది. ఆ గల్లీల్లో ఆ పూట పాలు వద్దనుకుంటే గిన్నెను గడప మీద బోర్లించి పెట్టేవాళ్లు. మొదట ఒకటీ అరా ఉండేవి. తర్వాత పొద్దున్నే పోతే వరసగా బోర్లించిన గిన్నెలే స్వాగతం చెప్పేవి. బాపు ఇంటికి వచ్చి నేరుగా బర్రెల పక్కన కూర్చునేవాడు. నీళ్లు కలపని పాలవాడన్న పేరు ఒక్కటే ఆయన సంపాదన. అది పోతోంది.

ఉస్తాద్ దగ్గరికి పోయి, "నావి నాలుగే, ఆ లారీ పట్టీలు తీసెయ్" అంటే సరిపోయేది. కాని ఉస్తాద్ అది కూడా పదిమంది ముందు నిలబెట్టి చెప్పిస్తాడు. సాయంత్రానికల్లా పోచయ్యకు తెలుస్తుంది. మర్నాటికి పట్నంలో ఉన్న పాలవాళ్లందరికీ తెలుస్తుంది. అమ్మ ఎంతో చెప్పి చూసింది. "ఒక్క మాట. చెప్పొస్తే అయిపోతది గద!" "నీకు దెల్వదు" అనేవాడు బాపు. మగవాళ్లు ఓడిపోయే ముందు అనే మాట అదేనని నాకు తర్వాత తర్వాత అర్థమైంది.

నాయనమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. ఇది పాలను నోటితో లెక్కపెట్టి చెప్పిన పాపం. నాలుగంటేనే దిష్టి తగుల్తుంది, పది అంటే ఊరుకుంటుందా! ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పెట్లో పట్టుకుని బండి చుట్టూ తిరిగి, టైర్లకు చూపించి, హెడ్‌లైట్ల మీద ఊసినట్టు చేసి, మిరపకాయలు తెచ్చి పొయ్యిలో వేసింది. అవి మనుషులకు తీసిన దిష్టి మిరపకాయల్లా ఊరుకోలేదు. ఇల్లంతా దగ్గు. కొట్టంలో బర్రెలు దగ్గాయి. "చూసిన్రా ఎంత దిష్టో!" అని కళ్లనీళ్లు తుడుచుకుంటూ గర్వంగా అంది. మర్నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బండి నిమ్మకాయ ఎక్కితే క్యాన్లన్నీ ఎగిరి పడ్డాయి.

ఇలా ఉండగా మేనత్త కూతురికి సీమంతం వచ్చింది. గాజులు కొనాలి. గాజులంటే లాడ్ బజారే. బాపు పాలబండి ఎలాగూ అటే పోతుంది కాబట్టి అందరం దాంట్లోనే పోదామని నాయనమ్మ తీర్మానించింది. వెనక సీటు లేదు. క్యాన్ల మధ్య గోనెసంచులు పరిచి, నాయనమ్మను అమ్మా నేనూ తోసి ఎక్కించాం. అమ్మ ఒక పక్క, నేనూ సత్యం ఇంకో పక్క. మేనత్తకు ఇవ్వాలని ఒక బియ్యం బస్తా కూడా ఎక్కింది. జన్మలో మొదటిసారి ఆ కమాన్లు "అమ్మయ్య" అని కొంచెం కిందికి దిగాయి. బండి గుంతలో దిగి పడవలా పైకి తేలింది. జుబేదా ఖాలా గడప ముందు బాపు భయం భయంగా మూత తీశాడు. వెన్న లేదు. చిక్కటి పాలు. ఖాలా చుక్క గోటి మీద వేసుకుంది. చుక్క కదల్లేదు. "ఆజ్ క్యా హువా?" అంది నమ్మలేక, ఇవాళ ఏమైందని. "నేను కూసున్న గద, దిష్టి దిగిపోయింది" అంది నాయనమ్మ బండిలోంచి. బాపు మాత్రం చక్రాల వైపు, తర్వాత నాయనమ్మ వైపు, మళ్లీ చక్రాల వైపు చూశాడు.

ఆ మర్నాడు తెల్లవారుజామున ఆయన మా గదిలోకి వచ్చి, "లెవ్వుండ్రి, బరువు కావాలె" అన్నాడు. అట్లా మేము బరువు ఉద్యోగంలో చేరాం. బడి గంట కొట్టేలోపు తిరిగి వచ్చేవాళ్లం కాబట్టి చదువుకు అడ్డం లేదు. అమ్మకు ఇంట్లో పనుండి రాని రోజు ఆమె స్థానంలో బర్రెలకు పెట్టే పల్లీల చెక్క బస్తా ఎక్కేది. "నేను లేకుంటె బస్తా సరిపోతదా మీకు?" అని అమ్మ అలిగేది. సరిపోదు, బస్తా ఇంకొంచెం తేలిక అని బాపు నిజాయితీగా చెప్పేవాడు. దాంతో అలక ఇంకొన్ని రోజులు సాగేది. నేను గోరువెచ్చటి క్యానుకు ఆనుకుని, నాయనమ్మ చీరకొంగు కప్పుకుని కూర్చునేదాన్ని. ఆ కొంగుకు తమలపాకుల వాసన, పేడ వాసన, నెయ్యి వాసన. చీకట్లో ఎక్కేవాళ్లం, దారిలో తెల్లారేది. చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి ఆకాశం బూడిదరంగులో ఉండేది. గాజుల ఇళ్ల ముందు అప్పుడే బొగ్గులు రాజేసేవాళ్లు. లక్క కరుగుతున్న తియ్యటి వాసనా, ఎక్కడి నుంచో ఉడుకుతున్న నహారీ మాంసం వాసనా కలిసి ఆకలి పుట్టించేవి. చివర్లో పురానాపూల్ హోటల్లో బాపు మాకు ఒక్కొక్క చాయ్, ఒక్కొక్క ఉస్మానియా బిస్కెట్ ఇప్పించేవాడు. అది మా జీతం. అంతకుముందు బాపును నేను ఎప్పుడు చూశానని? లేచేసరికి పోయేవాడు, వచ్చాక బర్రెల్లో ఉండేవాడు. ఆయన బండి నడుపుతూ కూనిరాగం తీస్తాడని, గుంతలను పేరు పేరునా తిడతాడని, దారిలో ప్రతి గుడికీ ప్రతి దర్గాకూ చెయ్యెత్తి దండం పెడతాడని నాకు ఆ బండిలోనే తెలిసింది.

గిన్నెలు ఒక్కొక్కటిగా వెల్లకిలా తిరిగాయి. అంతా బాగుందనుకున్నాం. కాని రోజూ పాలబండిలో ముసలమ్మ, పిల్లలు, బస్తాలు కనిపిస్తుంటే గల్లీ ఊరుకుంటుందా? బాపు ఇల్లు పోయిందని, సంసారమంతా బండిలోనే ఉంటోందని ఎవరో మొదలుపెట్టారు. ఒకామె నాకు పాత గౌను ఇచ్చింది. ఒకాయన నాయనమ్మకు దుప్పటి ఇచ్చాడు. ఇచ్చింది ఎందుకో అడగకుండా నాయనమ్మ అన్నీ పుచ్చుకుంది. ఒక పొద్దున జుబేదా ఖాలా సత్యం చేతిలో ఖీర్ గిన్నె పెట్టి, బాపు భుజం తట్టి, "గరీబీమే ఆద్మీ క్యా కర్తా భాయ్. ఓ మక్ఖన్ కీ బాత్ హమ్నే మాఫ్ కర్దియే" అంది. పేదరికంలో మనిషి ఏం చేస్తాడు, ఆ వెన్న సంగతి క్షమించేశామని. ఆమె మంచి మనసుతోనే అంది. బాపు మొహం మాత్రం నల్లబడింది. దొంగ అన్నప్పుడు కనీసం పోట్లాడాడు. క్షమించినవాళ్లతో ఏమని పోట్లాడతాడు? దొంగతనం చేయకుండానే క్షమాభిక్ష వచ్చి మీద పడింది. ఆ రోజు చాయ్ ఇప్పించడం కూడా మరిచిపోయాడు. "జెప్పాలె అవ్వా, నిజం జెప్పాలె" అని దారంతా గొణుక్కున్నాడు. "చెప్తె పోచయ్య నవ్వుతడురా" అంది నాయనమ్మ, సాయం చేస్తున్నాననుకుని.

మర్నాడు ఆ పోచయ్యే ఎదురయ్యాడు. ఎప్పుడూ ఆయన మా కంటే ముందే హోటల్లో పాలు పోసి పోయేవాడు. ఆ పొద్దున ఆయనకు ఆలస్యమైనట్టుంది, మేము పురానాపూల్ దగ్గరికి చేరేసరికి వంతెన వైపు నుంచి ఆయన జీపు వస్తోంది. జీపుకు పైన గుడ్డ లేదు. అందులో ముందు పోచయ్య, పక్కన ఆయన భార్య. వెనక క్యాన్ల మధ్య ముక్కుదాకా మఫ్లర్ చుట్టుకున్న ఆయన మామ, చేతిలో జపమాలతో ఆయన తల్లి, ఒళ్లో పిల్లలు, పిల్లల ఒళ్లో తవుడు సంచులు. చలికి అందరి పళ్లూ కొట్టుకుంటున్నాయి. రెండు బళ్లూ పక్కపక్కన ఆగాయి. బాపు జీపులోకి చూశాడు. పోచయ్య మా బండిలోకి చూశాడు. నాయనమ్మా ఆ ముసలామే ఒకరినొకరు కొలతలు తీసుకున్నట్టు చూసుకున్నారు.

"యాత్రకు బోతున్నరా అన్నా?" అన్నాడు చివరికి పోచయ్య.

"ఆఁ, గాలికి. పిల్లలకు పొద్దటి గాలి మంచిదని" అన్నాడు బాపు. "మరి నువ్వు?"

"మేం గూడ గాలికే."

జీపు వెనక నుంచి మఫ్లర్ కిందికి లాగి, "గాలి లేదు, ఏం లేదు. బరువుకు తోలుకొస్తుండు. నేను కూసోకుంటె పాలు వెన్నయితున్నయట. ఈ వయసుల నా నడుం ఇరుగుతుంది బిడ్డా" అన్నాడు ఆ మామ. బాపు స్టీరింగ్ మీద తల ఆనించాడు. ఏడుస్తున్నాడని నేను భయపడ్డాను. భుజాలు కదులుతున్నాయి. తల ఎత్తేసరికి నవ్వలేక ఆయాసపడుతున్నాడు. పోచయ్య జీపు దిగి, రోడ్డు మీద గొంతుక్కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు. హోటల్ వాళ్లు పాల కోసం అరుస్తున్నా ఇద్దరికీ వినిపించలేదు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి గౌస్ ఉస్తాద్ దగ్గరికి పోయారు. ఎంత వద్దన్నా వినకుండా నన్ను పట్టుకుని నాయనమ్మ కూడా వచ్చింది. పాల లెక్క మళ్లీ నోటితో అంటారేమోనని ఆమె భయం. ఉస్తాద్ అనుకున్నట్టే అందరినీ పిలిచి నిలబెట్టాడు. "మై తో జిత్తా బోలే ఉత్తాచ్ బనాయా" అని ముందే చేతులు దులుపుకున్నాడు. మీరు ఎంత చెప్తే అంతకే కట్టానని. బాపు నేల చూపులు చూస్తూ, "నాలుగే ఉస్తాద్" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆ మెడ మీద నరాలు చెప్పాయి. పక్కన పోచయ్య ఇంకా చిన్న గొంతుతో, "నావి మూడు" అన్నాడు. బాపు తల టక్కున పైకి లేచింది. ఆ పరిస్థితిలో కూడా, దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఒక క్యాను ఎక్కువని ఆయన మొహం వెలిగిపోయింది. నాయనమ్మ "తు తు తు" అని ఇద్దరి క్యాన్లకూ కలిపి దిష్టి తీసింది. సాయంత్రానికి లారీ పట్టీలు ఊడి మూల పడ్డాయి. బండి వెనక భాగం మర్యాదగా కిందికి దిగింది.

మర్నాడు బాపు ఒక్కడే పోయాడు. జుబేదా ఖాలా ముందు నిలబడి, ఉస్తాద్ దుకాణం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడట. ఖాలా వింటూ వింటూ గడప మీద కూలబడి, "చార్ కు దస్ బోలే?" అని, నాలుగుంటే పదని చెప్పావా అని, కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్విందట. తర్వాత లేచి గల్లీలోకి వచ్చి, ఏ గొంతుతో దొంగ అందో అదే గొంతుతో, రాజయ్య భాయ్ ఝూటా మనిషే గాని చోర్ కాదు, అబద్ధాలకోరే గాని దొంగ కాదు అని అందరికీ చాటిందట. బాపు ఇంటికి వచ్చి ఈ మాటను బిరుదు అందుకున్నవాడిలా అమ్మకు చెప్పాడు. నెయ్యి అయిపోయింది. మా ఉద్యోగాలు కూడా పోయాయి. ఆ రాత్రి సత్యం గాడు బాహాటంగా, నేను దుప్పటిలో ఏడ్చాం.

ఇప్పుడు అదే బండి ముందు నిలబడి, వజన్ కిత్తా అని అడిగిన మేస్త్రీకి సత్యం, "ఏం లేదు భాయ్. నేనొక్కన్నే. ఎప్పుడన్న మా అక్క" అన్నాడు. మేస్త్రీ పట్టీలు రెండు తగ్గించి, మెత్తటి వంపు పెట్టాడు. ఇవాళ మా అపార్ట్‌మెంటులో ఒక ఇంట్లో నలుగురుంటే నాలుగు బళ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి. అద్దాలు ఎత్తుకుని, చల్లగాలి పెట్టుకుని, కుదుపు తెలియకుండా పోతున్నారు. పాలు గుమ్మానికి తగిలించిన సంచిలోకి ప్యాకెట్లలో వచ్చి పడతాయి. సుఖంగానే ఉంది, నేను కాదనను. ఆ చలీ ఆ కుదుపులూ మళ్లీ కావాలని అనడానికి నా నడుం ఒప్పుకోదు. కాని నా తండ్రి ఎలాంటివాడో నేను తెలుసుకున్నది ఆ కుదుపుల్లోనే. ఆయన పది అని ఉండకపోతే, నాలుగు క్యాన్లతో ఒక్కడే పోయి ఒక్కడే వచ్చే బాపు మాత్రమే నాకు మిగిలి ఉండేవాడు.

మా బరువు ఉద్యోగం పోయిన మర్నాటి తెల్లవారుజామున నేను మెలకువగానే పడుకుని ఉన్నాను. క్యాన్లు బండెక్కిన చప్పుడు వినిపించింది. డిక్కీ మూసిన చప్పుడు వినిపించింది. బండి స్టార్టయింది. తర్వాత ఎందుకో ఆగిపోయింది. బాపు వచ్చి మా గది గడప మీద నిలబడ్డాడు. దగ్గాడు. "లెవ్వుండ్రి, బరువు కావాలె" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి, "ఇంకేం బరువయ్యా, కమాన్లు మంచిగైనయి గద?" అంది.

"అయితె ఏంది?" అన్నాడు బాపు. "నిన్న ఒక్కన్నే పోయిన. మనసున పట్టలే."

నేనూ సత్యం చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాం. నాయనమ్మ అప్పటికే బండిలో కూర్చుని ఉంది.